మిద్దె మీద నేను, టీవీ ముందు సరోజ

కేబుల్ డబ్బా తీసేసిన చోట ఇంకా పుల్లటి పెరుగు వాసన వస్తోంది. టీవీ కింద చెక్క మీద ఏళ్ల తరబడి కూర్చున్న నల్ల డబ్బా అది, ఎప్పుడు ముట్టుకున్నా పొదిగే కోడిలా వెచ్చగా ఉండేది. చలికాలంలో పాలు తోడుకోక సతాయించినప్పుడు గిన్నెకు మూతపెట్టి దాని మీద పెట్టేదాన్ని, తెల్లారేసరికి గరిటె దిగనంత గట్టి పెరుగు తయారయ్యేది. మా కోడలు మాధవి ఆ డబ్బానూ దాని వెనక తోకలా వేలాడే తీగనూ పీకించి పంపించేసింది. ఇప్పుడు ఆ చెక్క దగ్గర ముక్కు పెడితే కాలిన దుమ్మూ పులిసిన పాలూ కలిసిన వాసన ఒక్కటే మిగిలింది.

"కేబుల్ ఎందుకండీ అత్తయ్యా, మీరు తప్ప ఎవరూ చూడట్లేదు కదా. మీకేం కావాలో చెప్పండి, ఫోన్లోంచి టీవీలోకి వేసేస్తాను," అంది. మాధవిది కోస్తా వైపు. కంప్యూటర్ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుని చేస్తుంది, తిట్టినా మర్యాదగానే తిడుతుంది. నెలనెలా దండగ అంది. దండగే, నేను కాదనలేదు. నా మంట అది కాదు. మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే సరోజ వానాకాలం రాకముందే కేబుల్ మాన్పించి, పైకప్పు మీద ఛత్రీ పెట్టించుకుంది. ఒక్కసారి కొని బిగిస్తే చాలు, ఎవరికీ నెలనెలా కట్టే పని లేకుండా ఉచితంగా వచ్చే ఛానళ్లను పట్టుకునే చిన్న డిష్షు అది. గొడుగులా ఉంటుంది కనక ఛత్రీ అంటాం. పెట్టించుకున్నది పెట్టించుకున్నట్టు ఉండక, లిఫ్టులో కలిసిన ప్రతి మనిషికీ చెప్పింది. నాకంటే ముందు. పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ నాకంటే ముందే ఆమెకు.

ఇద్దరిదీ గోపన్‌పల్లే, ఒకే వాడ. మా వాడ జాగాలన్నీ కలిపి బిల్డర్‌కు ఇచ్చాం, కట్టిన దాంట్లో వాటాగా ఫ్లాట్లు తీసుకున్నాం. అందుకని చిన్నప్పుడు ఎక్కడ కూర్చుని కుళ్లుకున్నానో, దాదాపు అదే నేల మీద, కాకపోతే మూడు అంతస్తులు పైన కూర్చుని ఇప్పుడూ కుళ్లుకుంటున్నాను.

ఆ కాలిన దుమ్ము వాసన నాకు మొదట తెలిసింది సరోజ వాళ్లింట్లోనే. వాళ్ల నాయిన దగ్గర్లోని పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మా ఊళ్లో మొదటి టీవీ ఆయనే తెచ్చాడు. చెక్క బీరువాలాంటి పెట్టె, రెండు పక్కలకు జరిగే తలుపులు, తాళం, దాని మీద సరోజ వాళ్లమ్మ కుట్టిన చిలకల గుడ్డ. ఆదివారం పొద్దు వాలే వేళ ఆ గుడ్డ తీసి, మడిచి, తలుపులు జరపడం సరోజ పని. ఎర్ర రిబ్బన్లు రెండు జడలకు మడిచి కట్టుకుని, నుదుట నల్లటి సాదు బొట్టు దిద్దుకుని, పెండ్లిపిల్లను బయటికి తెస్తున్నట్టు ఆ తలుపులు జరిపేది. పెట్టె వేడెక్కి దుమ్ము కాలిన వాసన గుప్పున లేచేది, బొమ్మ రాకముందు ఆ వాసన వచ్చేది.

ఊరికే చూడనిచ్చేవాళ్లు కాదు. డబ్బులు అడిగేవాళ్లూ కాదు. సరోజ వాళ్లమ్మ, మేమంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, వచ్చిన ప్రతి ఒక్కరి ఒళ్లో ఒక చాటెడు పని పోసేది. ఎండాకాలమైతే చింతకాయల పైపెచ్చు తీసి, చిన్న గూటంతో కొట్టి, గింజ ఊడదీయాలి. వేళ్ల సందుల్లో పులుపు చేరి మండేది, నోరూరి గుటక మీద గుటక పడేది, ఎవరన్నా ఓ తునక నోట్లో వేసుకుంటే పెద్దమ్మ కన్ను టీవీ మీద ఉన్నా వాళ్ల మీద పడేది. చలికాలంలో అనపకాయలు, ఆ పచ్చి జిగురు వాసన, గోళ్ల నిండా నలుపు. అది దాటితే కందికాయ, తరవాత పల్లికాయ. మా ఊరోళ్లు సినిమాలను పేర్లతో గుర్తుపెట్టుకోలేదు, చేతి పనితో గుర్తుపెట్టుకున్నారు. చింతపండు నాటి సినిమా, అనపకాయల నాటి సినిమా, పల్లికాయ ఒలుస్తుంటే కరెంటు పోయిన సినిమా అని ఇప్పటికీ మా వయసు వాళ్లు చెప్తారు.

నాకు ఆ లెక్కలో ఏ సినిమా లేదు. నేను చింతపండు కొట్టలేదు. నా పని మిద్దె మీద.

మా నాయిన తాళ్లెక్కేవాడు. నడుముకు మోకు వేసుకుని, కాళ్లకు గుజి అనే తాడు బంధం తగిలించి, పొద్దున్నా సాయంత్రం తాటిచెట్ల మీదికి నడిచినట్టు ఎక్కిపోయేవాడు. సరోజ వాళ్ల మిద్దె మీద ఇనుప గొట్టానికి బిగించిన యాంటెన్నా మీద కాకులు వాలినా, గాలి తోసినా బొమ్మ వంకర్లు పోయేది. మెట్లు లేవు, వెదురు నిచ్చెన. మొదటిసారి బొమ్మ చెదిరినప్పుడే పెద్దమ్మ గుంపులో నన్ను వెతికి పట్టుకుంది.

"గౌండ్లోల్ల పిల్ల గదా, ఎక్కుడు దానికి రాకుంటే ఎవలికొస్తది? పో బిడ్డా లచ్చీ."

ఎక్కి గొట్టం పట్టుకున్నాను. కింద వాకిట్లో జనమంతా "ఒచ్చింది, ఒచ్చింది!" అని అరిచారు. చేయి తీశాను. "పాయె!" అని మళ్లీ అరిచారు. పట్టుకుంటే బొమ్మ నిలబడుతోంది, వదిలితే వణుకుతోంది. లచ్చి చేతి గుణం అన్నారు. అదేదో దేవుడిచ్చిన వరమన్నట్టు మాట్లాడారు. ఆ వరంతో ఆదివారం ఆదివారం ఆ ఇనుప గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాను. కిందినుంచి పాట వినపడేది, ఫైటింగ్ చప్పుడు వినపడేది, అందరూ ఒక్కసారి పక్కున నవ్వేవాళ్లు, ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. తెర మీద పేర్లు పడుతుంటే సరోజ గొంతెత్తి చదివేది. శేరిలింగంపల్లి బడికి పోయేది కదా, అది చదువుతుంటే వాకిలి మొత్తం సద్దుమణిగేది. నేను కల్లు లొట్లు కడిగే పిల్లను, బడి మొహం చూడలేదు. ఆ చదివే గొంతు మీద నాకున్న మంట ఆ రిబ్బన్ల మీద కూడా లేదు.

తెల్లారి బోరింగు దగ్గర సరోజను బతిమాలేదాన్ని. కథంతా చెప్పేది, చేతులు తిప్పుతూ కళ్లు తిప్పుతూ చెప్పేది, సరిగ్గా ఆఖరుకు వచ్చేసరికి బిందె నెత్తికెత్తుకునేది.

"చివరికేమాయెనే సరోజా?"

"చెప్ప పో."

బతుకమ్మ పండక్కి అందరం ఒకే తంగేడు కోసుకొచ్చేవాళ్లం, ఒకే గునుగు పువ్వుకు రంగులద్దేవాళ్లం, పెద్దమ్మ ఇచ్చిన మలీద ముద్దలు బెల్లం కారుతుంటే ఒకే ఆకులో తినేవాళ్లం. నా బతుకమ్మ ఆమెదానికంటే ఎత్తుగా పేర్చాలని పువ్వుల మధ్య గడ్డి కుక్కేదాన్ని. ఎంత ఎత్తు పేర్చినా లోపల ఒకటే కోరిక ఉండేది: ఒక్క పొద్దు, ఒకే ఒక్క పొద్దు, సరోజ మిద్దె మీద నిలబడాలి, నేను కింద చాప మీద కాళ్లు బారచాపుకుని చూడాలి.

మిద్దె మీద నుంచి ఏమీ కనపడేది కాదని కాదు. పడమట పెద్ద పెద్ద రాతి గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు, పొద్దు వాలేసరికి లోపల్నుంచి కాలుతున్నట్టు ఎర్రబడేవి. ఆ గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి అవతల తాళ్లవనం. అందులో ఏ చెట్టు తల మీద మా నాయిన ఉన్నాడో దూరాన్నుంచే పోల్చేదాన్ని, మట్టలు కదిలే తీరును బట్టి. బర్రెలు వస్తుంటే లేచే దుమ్ము, జొన్నరొట్టెలు కాలే పొయ్యిల పొగ, అప్పుడే దించిన కల్లు మీది పులుపు అన్నీ కలిసి ఒక్క గాలిగా వచ్చి మొహానికి తగిలేవి. దూరంగా లింగంపల్లి రైలు కూత. మా నాయిన కావడి భుజాన వేసుకుని వస్తూ మిద్దె మీద నన్ను చూసి చేయి ఊపేవాడు. నాకు రెండు చేతులూ గొట్టానికే ఉండేవి, తల ఊపేదాన్ని. కానీ అవన్నీ రోజూ కనపడేవే, ఎవరికి కావాలి? నాకు ఆ పెట్టెలో బొమ్మ కావాలి.

పెండ్లయి, కొడుకు బడికి పోయే రోజుల్లో మా గల్లీకి కేబుల్ వచ్చింది. మా ఆయనను సతాయించి సతాయించి సరోజ కంటే ముందు నేనే పెట్టించాను. కొత్త చాప కొన్నాను, సకినాలు చేసి డబ్బాలో పెట్టుకున్నాను, ఆమె రావాలి, నా ఇంట్లో కింద కూర్చోవాలి. వచ్చింది. గడపలో నిలబడి చూసి, "కేబులా? మాకు రేపు పెడ్తుండ్రు," అని పోయింది. సకినాలు మేమే తిన్నాం.

అయినా కేబుల్ నాకు ఒక పని చేసింది. పాత పాటలు వేసే మా పట్నం ఛానల్ ఒకటి ఉండేది, పాట కింద ఒక పట్టీలో అక్షరాలు పరిగెత్తేవి, పుట్టినరోజు శుభాకాంక్షలు, పెండ్లి శుభాకాంక్షలు, అమ్మకాలు, కిరాయిలు. సరోజ చదివినట్టు చదవాలని పంతం పట్టి కొడుకు పలక ముందేసుకుని అక్షరాలు దిద్దాను, దిద్దిన అక్షరాన్ని ఆ పట్టీలో వెతుక్కున్నాను. బడిలో పిల్లలు నిలబడి ఉన్న అక్షరాన్ని నేర్చుకుంటారు, నేను పరిగెత్తే అక్షరాన్ని తరిమి పట్టుకున్నాను. సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'అమ్మబడును'. మా ఊరి పేరు అచ్చు రూపంలో చదివింది కూడా అక్కడే, ఆ మాట పక్కనే.

ఆ పట్టీ ఇప్పుడు లేదు. మాధవి ఫోన్లో ఏదో నొక్కుతుంది, టీవీలో బొమ్మ వస్తుంది, "ఏం కావాలి అత్తయ్యా?" అంటుంది. ఏం కావాలో ముందే తెలిస్తే టీవీ ఎందుకు? ఏది వస్తే అది చూడటంలో ఉన్న సుఖం ఆ పిల్లకు ఎలా చెప్పను? చివరికి నోరు విప్పి అడిగేశాను, నాకూ ఛత్రీ కావాలని. పాపం మంచి పిల్ల, తెప్పించింది. వచ్చినతను సరోజ ఛత్రీ పక్కనే నాది బిగించి పోయాడు. వారం తిరక్కుండా గాలివాన కొట్టింది. సరోజది కదల్లేదు, నాది పక్కకు తిరిగింది. వానకు కూడా ఆమె అంటే పక్షపాతమే.

ఛత్రీ బిగించినతనికి ఫోన్ చేస్తే రేపు రేపు అన్నాడు. సంగతి తెలిసి సరోజ పైకొచ్చింది.

"మెట్లెక్కనీకి మోకాళ్లేడియే నీకు? నువ్వు కూసో, నేను పోయి తిప్పుత. నాది ఎటు ఉందో నీది గటే పెట్టాలె."

ఆమె మోకాళ్లు బాగుంటాయి. దాని మీదా నాకు మంటే. ఫోన్ స్పీకర్లో పెట్టి సోఫా మీద కూర్చున్నాను. మాధవి పక్కగదిలో ఆఫీసు వాళ్లతో మాట్లాడుకుంటోంది. పైనుంచి ఇనుము గీసుకున్న చప్పుడు, గాలి చప్పుడు.

"ఒచ్చిందానే?"

తెర మీద చుక్కలు లేవు, గీతలు లేవు. ఎవరో ఆవిడ టమాటా తోటకు పట్టే తెగులు గురించి చెప్తోంది. ఆమె ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది.

"ఒచ్చింది," అన్నాను. ఆ వెంటనే, నేను అనుకోకుండానే, నోట్లోంచి వచ్చేసింది. "గట్లనే పట్టుకో. చెయ్యి తీస్తే పోతది."

"ఛత్రీకి పట్టుకునుడేందే?"

"నీ చేతి గుణం. పట్టుకో."

కాళ్లు బారచాపుకున్నాను. టమాటా ఆకు అడుగున తెల్ల పురుగు ఎలా చేరుతుందో అంత శ్రద్ధగా ఏ రైతూ చూసి ఉండడు. సరోజకు అర్థమైందో లేదో, నవ్విందో లేదో, ఛత్రీని సర్ది పట్టుకున్న చప్పుడు ఫోన్లో వినపడింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే లచ్చీ, అప్పుడు మిద్దె మీదికెళ్లి నీకు ఏం కనబడేదే? మా అమ్మ నన్ను ఒక్కనాడు ఎక్కనియ్యలే. నడుమ నడుమ వాకిట్లకొచ్చి పైకి చూస్తే నువ్వు యాడికో చూసుకుంట తల ఊపుతుంటివి. ఎవలిని చూసి ఊపుతున్నదో అని, సినిమా మీద పానమే ఉండకపోయేది నాకు."

రిమోట్ పక్కన పెట్టాను. "ఇప్పుడేం కనబడుతున్నది నీకు?" అని అడిగాను.

"ఏముంటది? అద్దాల బిల్డింగులు. క్రేన్లు. అన్ని ఇండ్ల మీద ఛత్రీలు."

గుండ్లను పేల్చి కంకర చేశారు. తాళ్లవనం ఉన్న చోట కార్లు నిలిపే మూడంతస్తుల గోదాము ఉంది. మా నాయిన కావడి దారి ఏ గేటు లోపలికి పోయిందో నేనే చెప్పలేను. కల్లు పులుపూ, పొయ్యి పొగా, బర్రెల దుమ్మూ కలిసిన ఆ ఒక్క గాలిని ఏ ఛత్రీ పట్టుకోలేదు, ఏ ఫోన్లోంచీ మాధవి టీవీలోకి వేయలేదు. ఆ మిద్దె మీద నేను తప్ప ఇంకెవరూ నిలబడలేదు కాబట్టి, అక్కడినుంచి ఊరు ఎలా ఉండేదో ఇప్పుడు నా దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది. సరోజ దగ్గర లేదు. ఎప్పటికీ ఉండదు.

"చెప్పవే," అంది పైనుంచి.

"చెప్ప పో," అన్నాను. "చెయ్యి తీయకు."