స్కాన్ మీద ఉన్న పేరు మా పాపది కాదు

ఆ ఉదయం మా పాప జోషిత ఇడ్లీ తింటూ చేతిలో ముక్క వదిలేసింది. మూతి ఒకపక్కకు లాగేసి, కుడిచెయ్యి టకటకా కొట్టుకుంది. నాలుగేళ్ల పిల్ల, ఆటకు చేస్తోందనుకున్నాం. “ఏటే ఆ యేసాలు? తిను” అని మా అత్తమ్మ కసిరింది. నేను నవ్వాను కూడా. నిమిషం తర్వాత చెయ్యి ఆగింది. పాప నన్ను పిలవాలని నోరు తెరిచింది కానీ మాట రాలేదు. అలాగే నా ముఖంలోకి చూసింది. ఆ సమయంలో నేను నవ్వానన్న సంగతి ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. మా ఆయన భోగాపురంలో ఎలక్ట్రీషియన్, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆ రోజు అత్తమ్మా నేనూ పాపను ఎత్తుకుని శ్రీకాకుళం పరుగెత్తాం. పిల్లల డాక్టర్ గారు పాప చేత బొమ్మ పట్టించి, నడిపించి చూశారు. “ఇది ఫోకల్ సీజర్ అమ్మా, ఒంట్లో ఒక పక్కకే వచ్చే ఫిట్స్. జ్వరం లేకుండా వచ్చింది కాబట్టి ఎమ్మారై బ్రెయిన్ విత్ కాంట్రాస్ట్ తీయిద్దాం” అని, ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ సిరప్ మొదలుపెట్టారు.

రెండు రోజులకు స్కాన్. కదలకుండా ఉండాలని పాపకు సెడేషన్ ఇచ్చారు. నేను లోపల ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టి, పాప తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్కాన్ కోసం సెలవు పెట్టి వచ్చిన మా ఆయన కాంట్రాస్ట్ ఇంజెక్షన్ తేవడానికి మెడికల్ షాపుకి వెళ్లాడు. కౌంటర్ దగ్గర అత్తమ్మ ఉంది.

రిపోర్టులో ‘సింగిల్ రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్’ అని వచ్చింది. “మెదడులో ఎడమవైపు చిన్న ఉంగరంలా ఉంది. టీబీ గడ్డ కావచ్చు, పురుగు తిత్తి కావచ్చు” అన్నారు డాక్టర్ గారు. “టీబీ అయితే ఏడాది పాటు మందులు, లివర్‌ని కనిపెట్టుకుని ఉండాలి. పురుగైతే కొద్ది వారాల కోర్సు. ఊహించి మొదలుపెట్టడం నాకిష్టం లేదు. హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్ట్‌కి వీడియోలో చూపిద్దాం. పాపను అంత దూరం తిప్పక్కర్లేదు.”

అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాత దొరికింది. నాకు నాలుగు గంటలు ఆగడమే కష్టంగా ఉంది. ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి ఆనించి ఫోన్లో ఫోటోలు తీసి ఐదుగురికి పంపాను. నాతో బీఎస్సీ చదివిన వాళ్లు ముగ్గురు, చుట్టాలు ఇద్దరు. ఒకామె “ట్యూమర్‌లా ఉందే” అని పెట్టింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఫోటోలనే న్యూరాలజిస్ట్ ఆఫీసుకూ పంపితే వాళ్లు తీసుకోలేదు. “డైకామ్ ఫైల్స్ కావాలండీ” అన్నారు. అంటే స్కాన్ మెషిన్ తీసిన అసలు బొమ్మలు. వందల్లో ఉంటాయి, ప్రతిదాని లోపలా పేషెంటు పేరూ వయసూ ఉంటాయి. వాటిని స్కాన్ సెంటర్ వాళ్లే ఇంటర్నెట్‌లోకి ఎక్కించి లింక్ ఇస్తారు. లింక్ మెసేజ్‌లో పంపాలి, పాస్‌వర్డ్ మాత్రం ఫోన్ చేసి చెప్పాలి. అత్తమ్మ విని, “తాళం ఒకల సేతా, తాళంసెవి ఇంకొకల సేతా పంపినట్టేటి! ఆల్లకున్న తెలివి నీకు నేదే” అంది. అప్పుడు ఆ మాట నాకు తగల్లేదు.

వీడియోలో న్యూరాలజిస్ట్ పాపను పలకరించి, ఫైల్ తెరిచి, ఆగిపోయారు.

“పాప పేరేమిటన్నారు?”

“జోషిత అండీ. నాలుగేళ్లు.”

“ఇందులో పైడితల్లి, ఆరేళ్లు అని ఉంది. ఇది మీ పాప స్కానేనా?”

నేను రిపోర్టు కవరు కోసం తడుముకున్నాను. ఆవిడ ఫైల్ మూసేశారు. “తేలేదాకా దీని మీద ఒక్క మాట కూడా చెప్పను. వేరే పిల్లదైతే అసలు నేను చూడనే కూడదు. సిరప్ మాత్రం ఆపకండి.”

రిపోర్టు తీసి చూశాను. పైన స్పష్టంగా పైడితల్లి అనే ఉంది. అంతకుముందే ఆ కాగితాన్ని ఇరవై సార్లు చదివాను. ప్రతిసారీ కింద రోగమేమిటో రాసే ‘ఇంప్రెషన్’ అన్న చోటి నుంచే చదివాను.

మా పాప తలలో ఏమీ లేదేమో అనుకున్నాను. మరి ఆ చెయ్యి ఎందుకు కొట్టుకుంది? లేకపోతే మా పాప బొమ్మలు ఇంకో తల్లి దగ్గరున్నాయేమో, ఆమె ఎవరో! మా ఆయనకు ఫోన్ చేసి అరిచాను. “బావా, కౌంటర్లో పేరు ఎవరు చెప్పారు?”

“నానేటి ఎరుగుదునే? ఇంజీసన్‌కి ఎల్లాను కదేటి!”

మంచం మీద కూర్చున్న అత్తమ్మ తల దించుకుంది. “నానే సెప్పాను. ఏరే పిల్ల కాదు, మన గుంటే.”

“ఎందుకు అత్తమ్మా?”

“పిట్సని పిల్ల పేరు కంపూటర్లో ఎక్కిపోతే రేపు బళ్ళో సేర్చుకుంటారేటి? ఎవులేనా దగ్గరికి రానిస్తారేటి? అమ్మోరు పేరు సెప్తే ఆ తల్లే సూసుకుంటాదనుకున్నాను. వయసడిగితే నోటికొచ్చింది అనీసాను.”

నాకు కోపం వచ్చింది, ప్రాణం కూడా లేచి వచ్చింది. ఏది ముందో చెప్పలేను. అయినా అత్తమ్మ మాట ఒక్కటే సరిపోదు. మర్నాడు ఆదివారం, సెంటర్ మూసి ఉంటుంది. ఆ రోజంతా పాప వెనకాలే తిరిగాను.

సోమవారం అత్తమ్మ మాతో వచ్చి కౌంటర్ దగ్గర తనే చెప్పింది. అక్కడి అతను నవ్వాడు. “మామ్మా, అమ్మవారి పేరు ఇచ్చీసారు. ఆధార్ ఎక్కడ తెమ్మంటారు?” నేను సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం వెతికి తీశారు. అందులో నా చేతిరాతతో జోషిత అని ఉంది. టైము, సెడేషన్ డోసు, బిల్లు అన్నీ ఆ స్కాన్‌తో సరిపోయాయి. రేడియాలజిస్ట్ పేరూ వయసూ దిద్ది, సంతకం పెట్టి, కొత్త లింక్ ఇచ్చారు.

అత్తమ్మకు నమ్మకం కుదర్లేదు. “ఇప్పుడు అసలు పేరు ఏసీసావు. ఊరంతా సూసీరేటి?”

“లింకూ పాస్‌వర్డూ మీ కోడలికే. ఆవిడిస్తేనే డాక్టర్ గారు చూస్తారు. వారం పోతే ఆ లింకు తెరుచుకోదు.”

“అలగైతే బాగున్నాది. నా కోడలైతే అయిదుగురికి పంపీసింది, ఏ తాళవూ నేకుండా.”

అతను నావైపు చూడలేదు. నేనూ ఎవరివైపూ చూడలేదు.

ఈసారి న్యూరాలజిస్ట్ తన స్క్రీన్ మాకు చూపిస్తూ బొమ్మను పెద్దది చేశారు. ఉంగరం లోపల, ఒక పక్కగా, సన్నని చుక్క. “ఇది స్కోలెక్స్, పురుగు తల. ఇది న్యూరోసిస్టిసర్కోసిస్, పందుల్లో ఉండే బద్దెపురుగు తిత్తి. టీబీ మందులు అక్కర్లేదు.” నా ఫోటోలు తీసి వెతికాను. ఆ చోట కిటికీ వెలుగు తప్ప ఏమీ లేదు.

“మాయింట్లో పందిమాంసం ఎవులు తిన్నారు?” అని అత్తమ్మ అడ్డం వచ్చింది. తినక్కర్లేదని, పురుగు గుడ్లు పడిన నీళ్లతోనో సరిగ్గా కడగని కూరలతోనో వస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

స్టెరాయిడ్, దాని వెనక పురుగును చంపే ఆల్బెండజోల్ మొదలైంది. నాలుగో రోజు పాప తలనొప్పని ఏడ్చి, వాంతులు చేసుకుంది. మళ్లీ ఫిట్స్ వచ్చాయి. శ్రీకాకుళంలో రెండు రోజులు అడ్మిట్ చేశారు. ఆ చుక్క తల కాదేమో, డాక్టర్ పొరబడ్డారేమో అని కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. “పురుగు చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది. స్టెరాయిడ్ డోసు పెంచాం, తగ్గుతుంది” అన్నారు అక్కడి పిల్లల డాక్టర్ గారు. తగ్గింది.

ఆరు నెలల తర్వాత తీసిన ఎమ్మారైలో ఉంగరం లేదు. సున్నపు చుక్కలాంటి మచ్చ మిగిలింది. దాని వల్ల సిరప్ ఇంకా కొంతకాలం వాడాలి. పాప ఎల్కేజీకి వెళ్తోంది. అక్షరాలు దిద్దుతుంటే నేను అక్షరాలు చూడను, ఆ కుడిచెయ్యే చూస్తాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్లి చూసి వచ్చాను.

ఆ ఐదుగురినీ ఫోటోలు తీసేయమని అడిగాను. నలుగురు తీసేశారు. ఐదో ఆమె “మా పిన్నికి పంపానే, ఆవిడ ఎవరికి పంపిందో తెలీదు” అంది. అత్తమ్మ దాచాలనుకున్నది నా చేత్తోనే బయటపడింది. దాన్ని ఇక వెనక్కి తేలేను.

మీ పిల్లకు స్కాన్ తీయించాల్సి వస్తే ఒక్క పని చేయండి. సెంటర్ గుమ్మం దాటకముందే కవరు తెరిచి, పైన ఉన్న పేరూ వయసూ వేలు పెట్టి చదివి, తప్పుంటే అక్కడే నిలబడి దిద్దించుకోండి. ఇంప్రెషన్ దాని తర్వాతే చదవండి. అది ఒకసారి చదివాక ఆ కాగితం మీద ఇంకేదీ కనిపించదు.