ఒక్క దెబ్బ గంట

నా తలకాయలో ఉన్నంత ఖాళీ చోటు ఊరి పోరంబోకులో కూడా లేదని ఐదో తరగతిలోనే మా పంతులు తేల్చేశాడు. పెద్దల మాట కాదనలేక బడి మానేశాను. ఆయన మాటకు సాక్ష్యమైన గంటను పోయిన వారం మా పల్లె ప్రార్థన మందిరం మీద నుంచి దించారు. కొత్తది వచ్చిందట. పాతదాన్ని తడిమి చూశాను. అంచున నేను పెట్టిన సొట్ట అట్లాగే ఉంది.

పందొమ్మిది వందల అరవైల్లో నేను అల్లూరు దగ్గర, ఉప్పుకాలవ పక్కన, ఒక ఆసామి పుచ్చతోటకు కాపలా ఉండేవాణ్ణి. కాయ ఎప్పుడు పండిందో మాకన్నా ముందు నక్కలకు తెలిసేది. వాటి కోసం ఆసామి తన ట్వెంటీటూ రైఫిలూ, రెండు డబ్బాల తూటాలూ నాకప్పగించాడు. ఒకదాంట్లో తేలిక గుండ్లు, రెండోదాంట్లో బరువువి. కాలవ వైపు కాల్చేటప్పుడు తేలికదే పెట్టమనీ, అది తగిలిన చోటే చితికిపోతుందనీ, బరువుదైతే పిల్లలు విసిరే చిల్లపెంకులాగా నీళ్ళ మీద ఎగిరెగిరి పోతుందనీ మరీ మరీ చెప్పాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఈ సముద్రపు గాలికి మీ తేలికది నక్కను దాటి కోవూరు బస్సెక్కతాది సామీ" అన్నాను. కూలీలు విరగబడి నవ్వారు. అంత నవ్వు వచ్చాక ఆ మాట మీద నిలబడక తప్పుతుందా? మర్నాడు పొద్దున్నే కాలవ గట్టున నక్క కనబడితే బరువుదే పెట్టి కాల్చాను.

నక్క నన్నొకసారి చూసి తీరిగ్గా నడిచిపోయింది. నీళ్ళ మీద రెండు చోట్ల తుంపర లేచింది. ఆ వెంటనే అవతలి ఒడ్డున మా పల్లె గంట ఠంగుమంది. ఒక్కటే దెబ్బ.

ప్రార్థనకైతే అది వరసగా మోగుతుంది. ఒక్క దెబ్బ కొట్టి ఆగితే మాత్రం, సముద్రం మీద చేపల వేటకు పోయిన పడవకు ఏదో అయిందని లెక్క. ఏ దేవుడికి మొక్కే ఇంటికైనా ఆ కబురు ఒకటే. కాలవ దాటి నేను పోయేసరికి ఆడవాళ్ళంతా ఒడ్డున ఉన్నారు. మా అక్క ఒక చేతిలో గరిటెతో, ఊడిన కొప్పుతో నిలబడి పడవల్లో మా బావను వెతుక్కుంటోంది.

గంటకు తగిలింది నా గుండేనని చెప్పాను. ఎట్లాగైనా నవ్విద్దామని, "చింతగింజంత లేదక్కా, దానికే ఇంత పరుగా?" అన్నాను.

ఆ ఒడ్డుకు పోతే ఈనాటికీ నా తల దానంతటదే వంగుతుంది. అక్క ఇసకలో కూలబడి, గరిటె పక్కన పెట్టి, మెల్లగా అంది:

"నీ గుండు బరువు నాకెందుకురా. ఇంటికాడ నించి ఈడిదాకా నేను మొగుడు లేనిదాన్నై పరిగెత్తినాను."