రెండో కార్డుకు నేను రాయని దారి

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే గొప్పగా వినబడుతుంది. నిజానికి హాయిగా తిని తిరిగాను, అంతే. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?

వికారాబాద్ స్టేషన్ దగ్గర మా చిన్న ఆఫీసు. తాండూరు బండల వ్యాపారులకు క్లౌడ్‌లో సర్వర్ నడిపేవాళ్లం. కొత్త సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టాం. ఒకటి బయటి ఇంటర్నెట్‌కు, రెండోది తాండూరు వాళ్లకు మాత్రమే. రెండో కార్డులోంచి వచ్చిన ప్రశ్నకు జవాబు మళ్లీ అందులోంచే పోవాలి. అందుకు సెట్టింగుల్లో దానికి వేరే దారి, అంటే రూట్, రాయాలి. ఈ పనిలో ఇవి ఓనమాలు. నేను రాయలేదు. పాత సర్వర్ సెట్టింగులు ఎత్తి కొత్తదాంట్లో అతికించడం మా అలవాటు, దాన్నే అనుభవం అని చెప్పుకునేవాళ్లం. పాతదానికి ఒకటే కార్డు ఉండేదన్న సంగతైనా చూడని మహానుభావుణ్ణి నేను.

కొత్త సర్వర్‌కు మారిన రోజే తాండూరు నుంచి ఫోన్లు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, సరుకు వెంట ఉండాల్సిన వే బిల్లు రావడం లేదు, బండలు ఎక్కించిన లారీలు కదలడం లేదు. జవాబులన్నీ మొదటి కార్డులోంచి పోయి ఎక్కడో చస్తున్నాయి. చూడగానే నాకు అర్థమైంది. మా యజమాని అరుస్తూ వచ్చాడు, అరవడం తప్ప ఆయనకు మరో విద్య రాదు. ఎవరు చేశారన్నాడు. రజిత అన్నాను. నోరు జారిందని చెప్పను. ఆలోచించే అన్నాను.

రజిత కొత్తగా చేరిన అమ్మాయి. బషీరాబాద్ నుంచి షేర్ ఆటోలో తాండూరొచ్చి, రైలెక్కి వచ్చేది. వాళ్లింట్లో పొలం కూలికి కాక ఆఫీసుకు బయల్దేరిన మొదటి మనిషి. ఆ రోజు సెట్టింగులు నేను చెబుతుంటే ఆమె టైపు చేసింది. సాయంత్రానికి ఆమెను మాన్పించారు. ఆమె వెళ్లాక నేను దారి రాశాను, సర్వర్ పలికింది, అందరూ నన్ను మెచ్చుకున్నారు. వాళ్లకేమీ తెలియదని తెలిసి కూడా ఆ మెప్పు తియ్యగానే ఉంది. ఏం మనిషిని నేను?

మొన్న తాండూరు బస్టాండులో కనబడింది. బట్టల దుకాణంలో చేస్తోందట. తిట్టినా బాగుండేది. పక్కకు పిలిచి అడిగింది.

"అన్నా, గా దినం నేనేం తప్పు కొట్టిన్నో జర చెప్తవా? మస్తు సార్లు యాది చేసుకున్న. సమజైతలేదు."

నిజం నాలుక మీదే ఉంది.

"నంబర్ల నడుమ ఒక చుక్క మర్చిపోయినవ్, గంతే. ఫికర్ చెయ్యకు."

ఆమె తల ఊపింది. "గంత చిన్నది గూడ చూసుకోలే. గా పని నాకెందుకులే అన్నా" అంది. నవ్వింది కూడా.

అప్పుడైనా చెప్పలేదు. బస్సు ఎక్కాను, సీటు దొరికిందని సంతోషించాను.

రజిత నేను చెప్పింది చెప్పినట్టే కొట్టింది. ఏ చుక్కా మర్చిపోలేదు. ఇది రాస్తే గుండె కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకు నా మీద నాకు ఇంకా అసహ్యంగా ఉంది.