ఘాట్ రోడ్డు దిగిన బండే లెక్క

2023, వానాకాలం. సాలూరులో ఒడిశా వెళ్ళే రోడ్డు పక్కన మా మేనల్లుడు సూరిబాబు సొంతంగా లారీ బ్రేకుల షెడ్డు పెట్టి కొద్ది నెలలే అయింది. నా పేరు దేవదానం. వయసంతా లారీల కింద పడుకునే గడిపినవాణ్ణి. "పెద్దోడివి, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం మావా" అని వాడు బతిమాలితే హెడ్ మెకానిక్కుగా చేరాను.

బ్రేకుల పని గురించి కాస్త చెప్పాలి. లారీ చక్రం లోపల గుండ్రటి ఇనప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే లైనర్లు, అంటే రాపిడి పలకలు, వెళ్ళి ఆ డ్రమ్మును పట్టుకుంటాయి. కొత్త లైనర్లు కట్టగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటే. మొదట్లో అవి డ్రమ్ముకు నిండుగా ఆనవు. బండిని నడిపి, ఆపి, మళ్ళీ నడిపి, అవి సర్దుకున్నాక స్లాక్ అడ్జస్టర్ అనే బిగింపు మరను ఇంకోసారి సరిచేయాలి. దీన్ని మేం ట్రయల్ అంటాం. మా దగ్గర పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. లైనర్లు కట్టినవాడే ట్రయల్‌కి కేబిన్‌లో కూర్చోవాలి. వాడు ఎక్కనిదే డ్రైవరు బండి తీయడు. నీ పని మీద నీకు నమ్మకముంటే ముందు నువ్వెక్కు అని దాని అర్థం.

సూరిబాబు షెడ్డు తెరిచిన కొత్తలోనే ఒక ట్రాన్స్‌పోర్టు ఆసామి వచ్చి, "రోజుకెన్ని బండ్లు బయటికి పంపగలవో చూపించు, నా బండ్లన్నీ నీకే అప్పజెప్తా" అన్నాడు. ఇంకేం, మావాడు గేటు దగ్గర తెల్ల బోర్డు తగిలించాడు. బండి గేటు దాటితే ఒక గీత. గీతలు పెరిగిన సాయంత్రం అందరికీ పకోడీలు. నేను దాన్ని తప్పుపట్టను. కొత్తగా వ్యాపారం పెట్టినవాడికి ఎదుగుతున్నాడో, నిలబడ్డచోటే తిరుగుతున్నాడో తెలియాలి కదా. ఆ బోర్డు చూసుకునే కుర్రాళ్ళు కబుర్లు మాని పనిలో పడ్డారు. కానీ ట్రయల్‌కి వెళ్ళొచ్చేసరికి ఒక పూటలో సగం పోతుంది, దానికి గీత ఉండదు. అదే నాకు మింగుడుపడలేదు.

"ఒరే సూరీ, ట్రయల్‌కి గీతేదిరా?" అని ఒకరోజు అడిగేశాను.

"బండి బయటికెల్తే గీత పడతాది గదా మావా. ట్రయల్ అందులోనే ఉన్నాది. నువ్వు ప్రతిదానికీ ఏటో ఒకటి పీకుతావు" అని నవ్వేశాడు.

ఆదివారం నేను పని చేయను, చర్చికి వెళ్తాను. ఒక సోమవారం పొద్దున్న షెడ్డుకి రాగానే జగ్గడు కనిపించాడు. మా షెడ్డులో అందరికంటే చురుకైన మెకానిక్కు వాడు. ముందురోజు సింహాచలం బండికి వెనక చక్రాల లైనర్లు మార్చింది వాడే. సింహాచలం మా ఊరి డ్రైవరు, ఆ ట్రాన్స్‌పోర్టు ఆసామి బండి నడుపుతాడు. అలవాటుగా అడిగాను, ట్రయల్ ఎలా వచ్చిందిరా అని.

జగ్గడు చేతిగుడ్డ నలుపుతూ నిలబడిపోయాడు. "ట్రయల్‌కి ఎల్నేదు మావా. ఎనకాల రెండు బళ్ళు ఆగున్నాయి. అయినా పైకే గదా ఎల్తన్నాడు, ఎక్కినప్పుడు బ్రేకులతో పనేటుందని..."

"ఎక్కినోడు దిగడట్రా యెదవా!"

నా అరుపుకి సూరిబాబు పరుగెత్తుకొచ్చాడు. సింహాచలం ఖాళీ బండితో ఘాట్ ఎక్కి, కొరాపుట్ వైపు నీలగిరి కర్ర ఎత్తుకుని, ఈ పూటే దిగాలి. నిండు లోడు, తడి రోడ్డు, అన్నీ మలుపులు. అక్కడ బ్రేకు పట్టకపోతే పక్కన లోయే గతి. ఫోన్ చేస్తే కలవలేదు. మళ్ళీ చేశాం, కలవలేదు. సూరిబాబు బైకు తీశాడు, పనిముట్ల సంచి భుజాన వేసుకుని నేను వెనకెక్కాను.

ఆ దారి నాకు కొట్టిన పిండి. అయినా ఆ రోజు ఒక్కో మలుపూ నా ప్రాణం తీసింది. ఎదురుగా లారీ దిగుతుంటే నంబరు చూడటం, మనది కాదనుకోవడం. మలుపు తిరగ్గానే లోయలోకి తొంగి చూడటం. "ప్రభువా, వాణ్ణి కాపాడు తండ్రీ" అని పైకే అంటున్నాను. సూరిబాబు ఏడుస్తున్నాడో, వాన నీళ్ళో తెలియలేదు. "బేగి పోనీరా" అంటే "పోతన్నాను మావా, పోతన్నాను" అనడం తప్ప వాడి నోట ఇంకో మాట లేదు.

ముందు వాసనే వచ్చింది. లైనర్ కాలితే వచ్చే కమురు వాసన, మా వృత్తిలో ఉన్నవాడు జన్మలో మరచిపోడు. మలుపు తిరిగేసరికి లారీ లోయవైపు కాకుండా కొండవైపు కాలువలోకి ఒరిగి ఉంది. వెనక చక్రాల్లోంచి పొగ. సింహాచలం రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. బ్రేకు తొక్కితే పట్టడం లేదని తెలిసిన క్షణాన, గేరు తగ్గించి కొండకేసి రాసేశాడట. నేను వెళ్ళి వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాను.

సూరిబాబు దగ్గరికి రాలేక దూరంగా నిలబడ్డాడు. సింహాచలం వాణ్ణి చూసి లేచాడు.

"నిన్న కేబిన్లోకి ఎవుడూ ఎక్కకపోతే అడిగినాను, జ్ఞాపకముందా? 'లైనులో బళ్ళున్నాయి బావా, నువ్వెల్లు' అన్నావు. నా బండికి గీత గీసినావా?"

"గీసినాను బావా."

"ఎక్కడానికి బ్రేకులెందుకురా నాకు? దిగడానికి! నాను దిగకముందే నన్ను లెక్కెట్టీసినావు. నా పెళ్ళానికి నువ్వు సెప్తావా, నీ మొగుడు ఘాటీలో ఉన్నాడు గానీ మా బోర్డు మీద పని అయిపోనాదని?"

సింహాచలం అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

డ్రమ్ములు ఎర్రగా కాలి ఉన్నాయి. వాటిమీద నీళ్ళు పోస్తే బీటలిస్తాయి కాబట్టి వాటంతట అవే చల్లారేదాకా కూర్చున్నాం. కర్రను వేరే లారీలోకి మార్పించి, ఇంకో బండితో కాలువలోంచి లాగించాం. లైనర్ల పైపొర గాజులా అయిపోయింది. దాన్ని గీకి, అడ్జస్టర్లు బిగించి, అక్కడికక్కడే నడిపి, ఆపి చూశాను. పట్టింది. అప్పుడు సూరిబాబు ఎవరూ చెప్పకుండానే కేబిన్ ఎక్కి సింహాచలం పక్కన కూర్చున్నాడు. నేనూ ఎక్కాను. ఖాళీ బండి, చిన్న గేరు. మొదటి వాలు రాగానే సూరిబాబు నా మోకాలు పట్టుకున్నాడు. కింద ఊరు కనిపించేదాకా వదల్లేదు.

కిందికి రాగానే సింహాచలం బండి పక్కకి ఆపి ఇంటికి ఫోన్ చేశాడు. జరిగినదేదీ చెప్పలేదు. "దిగీసినాను. ఆకలేస్తంది, అన్నం ఎట్టు" అన్నాడు, అంతే.

సూరిబాబు అది విని, "బావా, ఇకమీదట ఆ ముక్క నాకూ ఫోన్ సేసి సెప్పు. నువ్వు సెప్పినాకే గీత గీస్తాను" అన్నాడు.

అన్నట్టే చేశాడు. ట్రయల్‌కి ఎక్కనివాడికి బండి ముట్టుకునే పని లేదు. ఘాట్ దిగి డ్రైవరు ఫోన్ చేసేదాకా బోర్డు మీద గీత లేదు. గీతలు బాగా తగ్గాయి, పకోడీలూ తగ్గాయి. ట్రాన్స్‌పోర్టు ఆసామి వచ్చి బోర్డు చూసి, "ఇదేంటయ్యా, వెనక్కి నడుస్తున్నావా?" అని బండ్లు వేరేచోటికి పంపాడు. సూరిబాబుకి బాధ లేకపోలేదు. రాత్రి అన్నం సహించక లేచిపోయిన రోజులున్నాయి. కానీ ఆసామి ఎక్కడికి పంపినా, కొందరు డ్రైవర్లు ఘాట్ ఎక్కేముందు బండి మా గేటు దగ్గర ఆపి, "ఓపాలి బ్రేకులు సూడండి" అనడం మొదలుపెట్టారు. షెడ్డు నెమ్మదిగా నిలబడింది.

కొత్తగా షాపో షెడ్డో పెట్టిన కుర్రాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి, ఎదుగుతున్నామని ఎలా తెలుస్తుంది మావా అని అడుగుతుంటారు. లెక్క పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి అంటాను. కాకపోతే పని మీ చేతిలోంచి వెళ్ళినప్పుడు కాదు, దాన్ని నమ్ముకున్నవాడు ఇంటికి చేరి అన్నం ముందు కూర్చున్నప్పుడు లెక్క పెట్టుకోండి.