కత్తి ఆగినప్పుడు

ఆదివారం ఆరాధన కాగానే ఆనందరావు మాస్టారు రాజోలులో బస్సెక్కి, మామిడికుదురులో ఉన్న అక్క సుగుణ ఇంటికి వెళ్ళేవారు. ఆవిడ అరుగు మీద కొబ్బరాకులు ముందేసుకుని, చీపురుకి ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పేది. పెద్దన్నయ్య ఆయాసం, చెల్లెలి పిల్లల చదువులు చెబుతున్నంతసేపూ చేతిలో కత్తి ఆడుతూనే ఉండేది. ఆగిందంటే, తను చదివిన పుస్తకంలో ఏదో తట్టిందన్నమాట. ఆ మాటే మాస్టారి చేతిలో వ్యాసమై వారపత్రికలో వచ్చేది. అందుకే ఆయన కబుర్లకి ఊఁ కొడుతూ కత్తినే చూసేవారు.

ఆ వేసవిలో ఒకసారి కత్తి ఆగింది. మాస్టారు ముందుకు జరిగారు.

"ఒరేయ్ ఆనందం, ఈమధ్య నాకు ఒంట్లో..."

"ఇంటి సంగతులు తర్వాతక్కా! ముందు పుస్తకం గురించి చెప్పు, బస్సెళ్ళిపోద్ది."

ఆవిడ నవ్వింది. "నీకు అక్క కంటే వ్యాసమే ముద్దురా! సరే, విను. మొన్న చదివిన నవల్లో తల్లి అందరికీ వడ్డిస్తుంది. ఆవిడ తిందో లేదో ఒక్కరూ అడగరు." కత్తి మళ్ళీ కదిలింది.

కాకినాడ ఆసుపత్రిలో ఆవిడ చనిపోయిన వారమే ఆ వ్యాసం అచ్చయింది. ఎంత బాగా గమనించారండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు మెచ్చుకుంటారు. మాస్టారు "ఆయ్" అని తలూపి, "మీ ఒంట్లో ఎలా ఉందండీ?" అంటారు. బాగానే ఉందన్నా, వాళ్ళ చేతులు ఎక్కడైనా ఆగాయేమోనని చూస్తారు.