మూడు వందల పన్నెండు

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఓబులమ్మ నా ఎదురుగా కుర్చీలో కూర్చుని వేలు చాపింది. ఆసుపత్రి కాగితం ప్రకారం అప్పటికి ఆమె చనిపోయి నాలుగు గంటలైంది.

నేను ఏళ్ల తరబడి పత్రికలో పనిచేసినవాణ్ని. ఎక్కడైనా దెయ్యం తిరుగుతోందని వార్త వస్తే, ముందు ఆ వీధిలో కరెంటు ఉందో లేదో కనుక్కోమనేవాణ్ని. ఇప్పటికీ నమ్మకం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నానంతే.

రెండువేల ఎనిమిదిలో మస్కట్‌లో ఉండేవాణ్ని. నెలకో శుక్రవారం దగ్గర్లోని బర్కా ఊళ్లో మనవాళ్లు ఉచిత వైద్య శిబిరం పెట్టేవారు. డాక్టరు మలయాళీ. వచ్చేవాళ్లు తోటపనివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. సూదితో వేలు గుచ్చి షుగర్ చూడటం, పేరూ అంకే రిజిస్టరులో రాయడం, వాళ్ల మాట డాక్టరుకు చెప్పడం నా పని.

ఓబులమ్మది కడప జిల్లా. శిబిరంలో ఇచ్చే కార్డును ఆమె యజమానురాలు ప్రతి నెలా చూసేది. ఇళ్లలో పనిచేసేవాళ్లంతా యజమానురాలిని ‘మామా’ అంటారు. షుగర్ ఎక్కువని కార్డులో కనబడితే ఇంటికి పంపేస్తుందని ఓబులమ్మ భయం. అందుకని శిబిరానికి రెండు రోజుల ముందు నుంచి తిండి మానేసేది.

"ఒట్టి మజ్జిగేన్నా. మాత్రలు కూడా డబలేసుకున్నా. నీ మిషను నన్నేం పట్టుకుంటాదిలే!" అని నవ్వేది.

నేనూ నవ్వేవాణ్ని. అంకె బాగుందని డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. నేను నోరు విప్పలేదు.

చివరిసారి వచ్చినప్పుడు నవ్వలేదు. "మెట్లెక్కితే ఆయాసమొచ్చాంది. దవడ గుంజుతాంది. డాక్టరుకు చెప్పాకు అన్నా, కార్డులో రాచ్చాడు. మామా ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిచ్చాది. పాప నర్సింగు ఇంకా రెండేండ్లుంది" అంది.

ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని డాక్టరు అడిగాడు. ఏమీ లేదట అని నేనే చెప్పాను.

తర్వాతి శిబిరం రోజు ఆమె ఎప్పుడూ కట్టే నీలం చీరలో వచ్చింది. వేలు చల్లగా ఉంది. నొక్కితే గానీ చుక్క రాలేదు. మీటరులో మూడు వందల పన్నెండు.

ఏమ్మా, ఉపవాసం లేదా అన్నాను.

"ల్యాదన్నా. ఉండేది ఉన్నట్టు రాసుకో" అంది.

రాశాను. తల ఎత్తేసరికి కుర్చీలో తర్వాతి మనిషి కూర్చుంటున్నాడు. డాక్టరు పేరు పిలిస్తే ఆమె లేదు.

పదకొండు గంటలకు, ఓబులమ్మ ఉండే ఇంటి పక్కింట్లో పనిచేసే గోదావరి జిల్లా సత్యవతి ఏడుస్తూ వచ్చింది. "తెల్లారగట్ల వంటింట్లో కూలబడిపోయిందండి. తీసుకెళ్లేసరికే పోయిందన్నారండి. గుండె అంటండి" అంది. అప్పటినుంచీ తాను ఆసుపత్రిలోనే, ఆమె పక్కనే ఉన్నానంది.

నేను అన్నీ చెప్పేశాక డాక్టరు రిజిస్టరు తిప్పి ఆమె పాత అంకెలు చూశాడు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి ఛాతీ నొప్పి రాదని, ఆయాసం, దవడ లాగడమే గుండె చెప్పే కబురు కావచ్చని మెల్లగా వివరించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆమె కూతురు ఫోన్‌లో ఒకటే అడిగింది, అమ్మ ముందుగా ఎవరికైనా చెప్పిందా అని. నాకు చెప్పింది అన్నాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

రిజిస్టరులో ఆ వరుస నా చేతిరాతలోనే ఉంది. మీటరు మెమరీలో ఆ అంకె, ఆ సమయం ఉన్నాయి. వేరొకరి రక్తానికి ఆమె పేరు రాసి ఉంటావన్నారు శిబిరంవాళ్లు. అదే నిజమైతే బాగుండునని ఆ రోజు వచ్చిన మిగతా ఇరవై ఆరుగురినీ ఒక్కొక్కరిగా కనుక్కున్నాను. అందరి అంకెలూ కార్డులతో సరిపోయాయి. ఎవరికీ రెండోసారి గుచ్చలేదు. రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులు, ఆ ఉదయమే విప్పిన డబ్బాలోంచి మనిషికొకటి చొప్పున వాడినవి, ఇరవై ఏడు.