రెండక్షరాల తేడా

ఈ రోజు సెలవని బరంపురం హాస్టల్ నుంచి ఒడిశా సరిహద్దు ఊరు గిరిసోలలోని మా ఇంటికి వచ్చాను. వీధి చివర ఉండే పైడమ్మత్త అప్పటికే మా అరుగు మీద కూర్చుని ఉంది. నా కోసమేనట.

నేను ఎమ్మేలో ప్రపంచ అభివృద్ధి, సామాజిక సంక్షోభాలు చదువుతున్నాను. మా అమ్మ టీవీలో ఆంధ్రా వార్తలు వదలదు. వాటిలో పొద్దస్తమానం వినిపించే మాట సంక్షేమం. అందుకని కూతురు సంక్షేమం చదువుతోందని ఊరంతా చెప్పేసింది.

"నా ముసిలి భత్తా ఆపీసినారు పాపా. ఏలిముద్ర పడతం నేదట. నువ్వు సంక్షేమం సదువుతన్నావు గదా, కూసింత సూడు," అంటూ అత్త చేతులు చాపింది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి, గీతలన్నీ చెరిగిపోయాయి.

వేలిముద్ర పడక ఇలా భత్తా, అంటే వృద్ధాప్య పింఛను, ఆగిపోయేవాళ్ల గురించి మొన్ననే క్లాసులో సెమినార్ ఇచ్చాను. మార్కులు బాగానే వచ్చాయి. అలాంటి చేతులు ఇంత దగ్గర నుంచి చూడటం మాత్రం ఇవాళే.

"నేను సదివేది సంక్షేమం కాదత్తా, సంక్షోభం. అంటే, జనానికి ఇలాటి కష్టాలు ఎందుకొస్తాయని," అన్నాను.

అత్త వెటకారమేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మరి సంక్షేమం ఎవులు సదువుతన్నారు పాపా? ఆలింటికే ఎల్తాను."

రేపు ఆమెను బ్లాకు ఆఫీసుకి నేనే తీసుకెళ్తున్నాను. ఈలోగా మీలో ఎవరైనా సంక్షేమం చదువుతుంటే కింద చెప్పండి. అత్త ఇంకా మా అరుగు మీదే ఉంది.